తిరుమల కొండకు కేదార్‌నాథ్ మందు పనిచేయదు

ఘాట్ రోడ్డు మీద బండ జారితే చాలు, టీవీ చర్చల్లో హిమాలయాల పోలిక మొదలు. ఆ పోలికే తప్పు.

కేదార్‌నాథ్ లోయను దోనెలా తొలిచింది హిమానీనదం. అది వెనక్కి తగ్గుతూ వదిలిన రాళ్లూ మట్టీ కలిసిన కట్ట తెగే 2013 జూన్‌లో చోరాబారి సరస్సు కేదార్‌నాథ్ మీదపడింది. శేషాచలం కోనల్ని కోసింది మంచు కాదు, వాన. ఇక్కడి ప్రమాదం వదులు మట్టిలో కాదు, పగిలిన బండలో ఉంది.

ఘాట్ రోడ్డు పక్కనే చూడొచ్చు: అడుగున గ్రానైటు, దాని మీద ఇసుకరాయి గట్టిపడి అయిన నగరి క్వార్ట్‌జైటు. మధ్యలో సుమారు 80 కోట్ల ఏళ్ల రాతి చరిత్ర గల్లంతు. జాతీయ భూవైజ్ఞానిక స్మారకమని బోర్డు పెట్టినా బస్సులోంచి చూసేవాళ్లు అరుదు. క్వార్ట్‌జైటు గట్టిదే, కానీ పెళుసు. అడ్డంగా పొరలు, నిలువుగా బీటలు. సున్నం లేకుండా పేర్చిన ఇటుకల్లా ఉంటుంది. వాన నీరు బీటల్లో దిగి నిండితే దిమ్మెను బయటికి నెడుతుంది. కింది మెత్తటి పొర కొట్టుకుపోతే దానికి ఆనిక కూడా పోతుంది. 2021 నవంబరు కుండపోతల తర్వాత, డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడ్డాయి.

చెట్లు పెంచితే చాలనేవాళ్లున్నారు. మట్టి వాలుల మీద అది నిజమే. నిలువు బండకు పట్టుకోవడానికి మట్టేది? బీటలో మొలిచిన జువ్వి వేరు దాన్ని ఇంకా తెరుస్తుంది.

ఇనుప వల బిందెంత రాయిని ఆపుతుంది, కారంత బండను ఆపదు. దానికి బీట దాటి గట్టి రాతిలోకి దిగే బోల్టులు కావాలి. నీటి రంధ్రాలు లేకుండా కాంక్రీటు పూస్తే వెనక నీరు చేరి ఆ పూతనే ఊడదీస్తుంది. రంధ్రం లోపలి కొన 5-10 డిగ్రీలు పైకి ఉండాలి, లేకుంటే నీరు బయటికి రాదు. ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోగా, అంటే సెప్టెంబరులోనే, రంధ్రాల్లో పుల్ల పెట్టి పూడిక తీయాలి. చవక పని, అందుకే ఎవరికీ పట్టదు.

కొండ సంగతి అలా ఉంచితే, దిగిన నీరు ఎక్కడికి పోవాలి? కపిలతీర్థం దాటాక ఊళ్లోకే కదా! 2021లో తిరుపతి వీధులు వాగులయ్యాయి. వంకల మీద ఇళ్లు లేస్తే, చెరువు మిగులు నీరు పోయే మొరవ ముందు ప్రహరీ కడితే వాగు పాత దారినే వెతుక్కుంటుంది. ఏ వంక ఏ చెరువుకు చేరి, స్వర్ణముఖిలో ఎక్కడ కలవాలో చూపే పటాన్ని ఇళ్ల ప్లాన్లు పాస్ చేసే గదిలో, సంతకం పెట్టే కుర్చీకి ఎదురుగా తగిలించాలి.