సీఎన్‌సీ కరెంటు తింటుంది సరే, ఒక్కో పీసుకు ఎంత?

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వర్క్‌షాపుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే సీఎన్‌సీ యంత్రం, చేత్తో నడిపే మామూలు లేత్ కంటే ఎన్నో రెట్లు కరెంటు తింటుందని, కోతలో వేడి తగ్గించడానికి పోసే కూలెంట్‌తో నేలనూ నీటినీ పాడుచేస్తుందని, చేయి తిరిగిన పనివాడు లోహాన్ని వృథా చేయడని, పాత లేత్ యాభై ఏళ్లు నడుస్తుందని, కాబట్టి పర్యావరణం కోసం చేతి లేత్‌కే తిరిగి రావాలని దాని సారాంశం. ఈ నాలుగు వాదనల్లో చివరిదైన యాభై ఏళ్ల మాటకే కొంత బలం ఉంది.

మొదటిది కరెంటు. సందేశం రాసినవారు యంత్రం నేమ్‌ప్లేటు మీద రాసిన కిలోవాట్లను పోల్చారే తప్ప, ఒక మంచి పీసు చేతికొచ్చేసరికి మీటరు ఎంత తిరిగిందో చూడలేదు. సగటున 1.5 కిలోవాట్లు లాగే లేత్ మీద ఒక బుష్‌కు (గొట్టంలాంటి చిన్న భాగానికి) 40 నిమిషాలు పడుతుందనుకుంటే ఖర్చు 1 యూనిట్. 6 కిలోవాట్లు లాగే సీఎన్‌సీ మీద అదే 5 నిమిషాల్లో పూర్తయితే అర యూనిట్. పని మొదలుపెట్టే ముందు సీఎన్‌సీని సిద్ధం చేసే సెట్టింగ్‌కు గంటసేపు పట్టి మరో 3 యూనిట్లు పోయాయనుకుందాం. ఒక్క పీసుకైతే లేత్‌దే పైచేయి, 6 పీసుల దగ్గర రెండూ సమానం, 100 పీసులకు లేత్ 100 యూనిట్లు తింటే సీఎన్‌సీ 53తో సరిపెడుతుంది. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు. ఎవరి షాపు అంకెలు వారు వేసి చూసుకోవచ్చు.

అలాగని సీఎన్‌సీ యజమానులు సంబరపడనక్కర్లేదు. ఎంఐటీ ఆచార్యుడు తిమోతీ గుటోవ్‌స్కీ బృందం ఉదహరించిన ఒక టొయోటా మెషినింగ్ లైన్‌లో లోహాన్ని కోయడానికి పోయిన శక్తి గరిష్ఠంగా 14.8 శాతమే, మిగతాది ప్రధానంగా పంపుల వంటి అనుబంధ పరికరాలు తినేశాయి. ఆపరేటర్ టీకి వెళ్లినప్పుడు యంత్రాన్ని ఆన్‌లోనే వదిలేస్తే వాటిలో చాలా భాగం నడుస్తూనే ఉంటాయి.

కూలెంట్ విషయంలో సందేశం మరీ అన్యాయం చేసింది. చేతి లేత్ మీదా నీళ్లలో కలిపిన సొల్యుబుల్ ఆయిలే పోస్తారు. ఆదివారం సెలవు తర్వాత సోమవారం షట్టర్ ఎత్తగానే గుప్పుమనే కంపు, కదలకుండా నిలిచిన ఆ పాలరంగు ద్రవంలో బ్యాక్టీరియా పెరగడం వల్ల వచ్చేది. యంత్రానికి కంప్యూటర్ ఉందా లేదా అన్నదానితో దానికి పనిలేదు. చుట్టూ మూత ఉన్న సీఎన్‌సీలో చిమ్మిన కూలెంట్ తిరిగి ట్యాంకులోకి చేరుతుంది. మూతలేని లేత్ దగ్గర అది నేల మీద, రంపపు పొట్టులో ఇంకుతుంది. పాడైన కూలెంట్‌ను రాత్రిపూట మోరీలోకి వదిలేవారు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు వాడేసిన నూనెకు వర్తించేటప్పుడు అది ఏ యంత్రానిదో అడగవు.

లోహం సంగతికొస్తే, ఒకే డ్రాయింగ్‌ను ఒకే బార్ నుంచి తీస్తే చిప్స్, అంటే కోసినప్పుడు రాలే లోహపు తురుము, రెండింటిలోనూ ఒకటే. తేడా రిజెక్షన్‌లో, అంటే కొలత తప్పి పారేసే పీసుల్లో వస్తుంది. పీసు పోతే దాని లోహం వెనుకున్న కరెంటూ పోయినట్టే. ముడి ఖనిజం నుంచి తీసిన కిలో అల్యూమినియం వెనుక, కరిగించే దశలోనే సుమారు 14 యూనిట్ల కరెంటు ఉంటుంది. స్క్రాప్‌ను తిరిగి కరిగించడానికి అందులో చిన్న వంతు చాలు గానీ, ఇనుపతురుము, కూలెంట్ కలిసిన చిప్స్‌కు ఆ లాభం తగ్గిపోతుంది. రెండు పీసుల తర్వాత కుదురుకునే పనివాడి నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. నూరో పీసు దగ్గర అతని అలసటను మాత్రం లెక్కలోకి తీసుకోవాలి.

యాభై ఏళ్ల లేత్ మాట దాదాపు నిజం. సీఎన్‌సీలో ముందుగా పాతబడేది కంట్రోలర్, డ్రైవ్‌లు. యంత్రానికి పునాదిగా ఉండే పోత ఇనుప బెడ్ కాదు. బెడ్, దాని మీద భాగాలు జారే గైడ్‌లు బాగుంటే వాటిని ఉంచి ఎలక్ట్రానిక్స్ మాత్రం మార్చే రెట్రోఫిట్ ఉండగా, మొత్తం యంత్రాన్ని తుక్కుకు తోసేయాల్సిన పనిలేదు.