‘బలమైన జన్యువు’ సికిల్ సెల్‌ను తుడిచిపెట్టదు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఫోన్లలో పెళ్లిళ్ల రోజుల్లో సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) గురించి ఒక సందేశం తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: ‘సంగీతంలోనైనా, కంప్యూటర్‌లోనైనా, రక్తంలోనైనా డామినెంట్ అంటే గెలిచేదే. సికిల్ సెల్ జన్యువు బలహీనమైనది. మంచి జన్యువు దాన్ని అణిచేసి, నాలుగు తరాల్లో మాయం చేస్తుంది. మనిషి ఆరోగ్యంగా ఉంటే పెళ్లికి ముందు పరీక్ష దండగ.’

మొదటి రెండూ త్వరగా తేల్చేద్దాం. పాశ్చాత్య సంగీతంలో డామినెంట్ అంటే మన పంచమం. దాని మీద కట్టిన స్వరాల గుంపు వినేవారి చెవిని మళ్లీ షడ్జమం వైపే నడిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో ఒక భాగం మరోదాన్ని డామినేట్ చేస్తుందంటే, రెండోదాన్ని చేరే ప్రతి దారీ మొదటిదాని మీదుగానే పోతుందని అర్థం. ఈ రెండింటిలో గెలుపు ఎక్కడుంది?

‘అణిచేస్తుంది’ అన్నది పచ్చి అబద్ధం. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి సికిల్ జన్యువు, మరొకరి నుంచి మామూలు జన్యువు వచ్చినవాళ్లే వాహకులు. వాళ్ల రక్తకణాల్లో మామూలు హిమోగ్లోబిన్ ఏ, సికిల్ హిమోగ్లోబిన్ ఎస్ రెండూ తయారవుతాయి. హిమోగ్లోబిన్ రకాలను విద్యుత్తుతో విడదీసే ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్షలో రెండూ వేర్వేరు గీతలుగా కనిపిస్తాయి. హిమోగ్లోబిన్ ఏ సరిపడా ఉంటుంది కాబట్టి సాధారణంగా జబ్బు బయటపడదు, అంతే. పాఠ్యపుస్తకం దీన్ని అంతర్గతం (రిసెసివ్; తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే బయటపడేది) అనేది జబ్బును బట్టి. జన్యువు నిద్రపోతోందని కాదు.

ఇక మాయం కావడం. బహిర్గతం (డామినెంట్; ఒక్కరి నుంచి వచ్చినా బయటపడేది) అయినంత మాత్రాన ఏ జన్యువూ జనంలో పెరిగిపోదని గణితవేత్త జి.హెచ్. హార్డీ 1908లోనే లెక్కగట్టి చూపాడు. ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గత లక్షణంగానే వస్తుంది. ఊళ్లో ఎంతమందికి ఉంది? రక్తంలో ‘ఓ’ గ్రూపు అంతర్గతం. ఆ రక్తం ఉన్నవాళ్లకు కొదవా? పైగా వాహకులకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపాడు. మలేరియా ఉన్నచోట ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే. గడ్చిరోలి అడవుల్లో మలేరియా గురించి ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పాలా?

అన్నిటికన్నా ప్రమాదం చివరి మాట. ఆరోగ్యంగా కనిపించే వధూవరులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. పెద్దబిడ్డకు వచ్చింది కదా, రెండోబిడ్డకు రాదులే అనుకోవడానికి లేదు. మేనరికమైతే ఒకే తాత నుంచి దిగిన జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం మరింత ఎక్కువ. ఇద్దరిలో ఒక్కరే వాహకులై, రెండోవారి హిమోగ్లోబిన్ మామూలుగా ఉంటే పిల్లలకు ఈ జబ్బు రాదు; కాబట్టి పరీక్ష అంటే సంబంధం చెడగొట్టడమని బెదరనక్కర్లేదు. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. ప్రాథమిక పరీక్షలో సికిల్ ఉందని తేలితే అక్కడితో ఆగకండి. అది వాహకత్వమో జబ్బో చెప్పేది ఎలక్ట్రోఫోరెసిస్ లాంటి రెండో పరీక్షే; ఆ కాగితం అడిగి తీసుకోండి.