అంగన్‌వాడీ టీచర్‌కు రేపటి సిలబస్

సామాజిక సేవారంగానికి రేపు ఏ నైపుణ్యాలు కావాలో తేల్చడానికి ఏసీ హాళ్లలో సదస్సులు జోరుగా సాగుతున్నాయి. మన దేశంలో సామాజిక సేవ అనేది 1936లో బొంబాయిలో టాటాల స్కూలుతో మొదలైన చదువు, ఆ మాత్రం స్లైడ్లు ఉండాల్సిందే. పాపం, మా ఊరి అంగన్‌వాడీ టీచర్‌ని మాత్రం ఎవరూ పిలవలేదు. పిలిచినా వచ్చేది కాదు, ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరుగుతోంది. అందుకే ఆమె తరఫున సిలబస్ నేనే రాసి సమర్పిస్తున్నాను.

ముందుగా రావాల్సింది మొహాలు చూపించే విద్య. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకులు అందాలంటే అంగన్‌వాడీ లెక్కలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ గర్భిణి మొహాన్ని గుర్తుపట్టాలి. టీచర్ గుర్తుపడితే చాలదు. ఆ పిల్ల ఇదే సెంటర్లో గుడ్డు తిని పెరిగిందన్న సంగతి సాక్ష్యం కిందికి రాదు. కెమెరా ముందు కళ్లు ఆర్పాలి, సర్వర్ పడుకుంటే అది లేచాక మళ్లీ ఆర్పాలి. కేవైసీకి ఓటీపీ పోయేది మొగుడి ఫోనుకి. మొగుడేమో హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో మూడో అంతస్తు మీద, ఫోను కింద వదిలిన చొక్కా జేబులో. మధ్యాహ్నం బువ్వకు దిగేదాకా ఆగి, "అల్లుడూ, ఆ నంబర్లేవో కాస్త చెప్పు నాయనా" అని బతిమాలాలి. సదస్సులో కమ్యూనికేషన్ స్కిల్స్ అన్నది దీన్నే అనుకుంటాను.

తర్వాత ఆర్థిక నిర్వహణ. కేంద్రం తాను నిర్ణయించే నెల గౌరవ వేతనాన్ని 2018 అక్టోబరులో 3,000 నుంచి 4,500 చేసింది. ఆయమ్మకు 2,250. మన నోటిఫికేషన్లలో అభ్యర్థికి పెళ్లయి ఉండాలని ఎందుకు రాస్తారో చాలామందికి అర్థం కాదు. ఇంట్లో ఇంకో సంపాదన ఉండి తీరాలన్న దూరదృష్టి అది.

అన్నిటికన్నా కష్టమైన పాఠం, రోజూ ఉద్యోగి కాకుండా ఉండటం. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ (ఉద్యోగం నుంచి దిగిపోయేటప్పుడు చేతికొచ్చే సొమ్ము) చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఏడాదిన్నర దాటాక, 2023 డిసెంబరులో, జీతాల పెంపుతో పాటు అదే గ్రాట్యుటీ కోసం ఆంధ్రప్రదేశ్‌లో టెంట్లు వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. సమ్మె 42 రోజులు నడిచింది. మధ్యలో, జనవరిలో, సర్కారు అత్యవసర సర్వీసుల్లో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. వీళ్లది అత్యవసర సర్వీసట! జీతం అడిగిన రోజు స్వచ్ఛంద సేవకురాలు, పని ఆపిన రోజు అత్యవసర సిబ్బంది. ఇంత వేగంగా రూపం మార్చే శిక్షణ ఏ యూనివర్సిటీలోనూ దొరకదు.

కోర్టు తీర్పు చదివి అర్థం చేసుకునే నైపుణ్యంలో మాత్రం పైవాళ్లు కొంచెం వెనకబడ్డారు. వాళ్లకూ ఒక ట్రైనింగ్ పెట్టాలని నా సిఫార్సు. ఆదివారం పూట, ఆన్‌లైన్‌లో, సొంత డేటాతో. హాజరుకు కళ్లు ఆర్పాలి.