గెంట్ గొర్రెపిల్ల మొహం ఎవరూ చెడగొట్టలేదు

రెండు ఫోటోలు పక్కపక్కన. ఎడమవైపు గొర్రెలాంటి గొర్రె: పక్కలకు తిరిగిన కళ్లు, పెద్ద మూతి, అమాయకపు చూపు. కుడివైపు ఇంకో గొర్రె. మనిషి కళ్లలాంటి కళ్లు, బిగించిన గులాబీ పెదాలు, అప్పు తీర్చలేదేమని నిలదీస్తున్నట్టు మొహం. కింద ఒక ముక్క: "600 ఏళ్ల కళాఖండాన్ని బాగుచేస్తామని చెప్పి ఇలా తగలేశారు."

2020 జనవరిలో ప్రపంచమంతా చుట్టేసిన ఈ పోస్టు ఇంకా చావలేదు. మొన్న మా చుట్టాల గ్రూపులోకీ వచ్చింది. "పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ల పనులు ఇలాగే ఏడుస్తాయి" అని మా బాబాయి కింద రాశాడు. అందరి ముందూ బాబాయిని కాదంటే బాగోదు కాబట్టి ఆ జవాబేదో ఇక్కడ చెప్తున్నాను.

ముందు ఆ బొమ్మ ఏమిటో చూద్దాం. బెల్జియంలోని గెంట్ నగరంలో, సెయింట్ బావో కెథెడ్రల్‌లో ఉన్న బలిపీఠ చిత్రం అది. ఓక్ పలకల మీద నూనె రంగులతో వాన్ ఐక్ సోదరులు, అన్న హ్యూబర్ట్, తమ్ముడు యాన్, వేశారు, 1432లో పూర్తయింది. తలుపుల్లా మూసి తెరిచే ఏర్పాటు, తెరిస్తే దాదాపు నాలుగున్నర మీటర్ల వెడల్పు. కింది వరుసలో నడిమి పలక మీద పచ్చిక బయలు, అందులో ఒక బలిపీఠం. దాని మీద నిలబడ్డ గొర్రెపిల్ల రొమ్ము నుంచి నెత్తురు సన్నటి ధారగా పాత్రలోకి పడుతుంటుంది. బెల్జియం ప్రభుత్వ కళావారసత్వ సంస్థ నిపుణులు 2012లో పని మొదలుపెట్టారు. ఈ పలక వంతు 2016 తర్వాత వచ్చింది, 2019 చివరికి ముగిసింది.

ఇక పోస్టు మాటలు ఒక్కొక్కటీ.

"ఎడమవైపుదే వాన్ ఐక్ గీసిన అసలు గొర్రె."

కాదు. మొత్తం గొడవకు మూలం ఈ ఒక్క పొరపాటే. ఎడమవైపు మొహం 16వ శతాబ్దం నాటి పైపూత. 1550 ప్రాంతంలో లాన్సెలాట్ బ్లోండేల్, యాన్ వాన్ స్కోరెల్ అనే ఇద్దరు చిత్రకారులు ఈ బొమ్మకు మరమ్మతు చేశారని రికార్డుంది. ఆ శతాబ్దంలోనే ఎవరో అసలు తల మీద ఇంకో తల వేసేశారు. అప్పటికి వాన్ ఐక్ పోయి వందేళ్లు దాటింది. కాబట్టి జనం ఇన్నాళ్లూ "అసలు" అనుకుని ముచ్చటపడ్డది మరమ్మతు చేసినవాళ్ల గొర్రెని.

దీనికో తమాషా సాక్ష్యం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఈ బొమ్మను పట్టుకుపోయి ఆస్ట్రియాలో ఆల్టౌసీ ఉప్పుగనిలో దాచారు. 1945లో అది బయటపడింది, 1950-51లో బ్రస్సెల్స్‌లో చికిత్స చేశారు. అప్పుడు గొర్రె తల చుట్టూ ఉన్న ఆకుపచ్చ పైపూత కొంత తీసేసరికి కింద నుంచి ఇంకో జత చెవులు బయటికొచ్చాయి. మొహం జోలికి మాత్రం వెళ్లలేదు. దాంతో ఆ గొర్రె దాదాపు డెబ్బై ఏళ్లు నాలుగు చెవులతో నిలబడింది. నమ్మకపోతే పోస్టులోని ఎడమవైపు ఫోటోనే పెద్దది చేసి చూడండి. రెండు చెవులు స్పష్టంగా, వాటి దగ్గరే ఇంకో రెండు వెలిసినట్టుగా. "అసలు గొర్రె" అని షేర్ చేసిన లక్షల మందిలో చెవులు లెక్కపెట్టినవాళ్లు ఎందరో!

సరే, పైపూత అని ఎలా తేల్చారు? నూనె రంగు ఏళ్లు గడిచాక గట్టిపడి సన్నటి నెర్రెలు విచ్చుతుంది. ఆ తర్వాత ఎవరైనా మీద కొత్త రంగు పూస్తే అది ఆ నెర్రెల్లోకి దిగుతుంది. మైక్రోస్కోపు కింద పెడితే పై రంగు కింది పగుళ్లలో పేరుకుని కనిపిస్తుంది. రెండు రంగుల మధ్య మురికి పట్టిన పాత వార్నిష్ పొర ఉంటే ఇక సందేహమే లేదు. పొద్దున గీసి సాయంత్రం తనే దిద్దుకున్న చిత్రకారుడి పనిలో మధ్యలో అంత మురికి చేరదు. ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ స్కానింగ్ కూడా చేశారు. తెలుపులో సీసం, సింధూరపు ఎరుపులో పాదరసం, ఆకుపచ్చలో రాగి ఎక్కడెక్కడ ఉన్నాయో చుక్కచుక్కకీ పటం గీసే పద్ధతి అది. ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయం, వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ శాస్త్రవేత్తలు ఆ ఫలితాలను 2020లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో అచ్చువేశారు. ముందుకు చూసే కళ్లు కింది పొరలో ఉన్నవే.

"బాగుచేసినవాళ్లు కొత్త మొహం గీశారు."

గీయలేదు, గీకారు. ద్రావకంతో మెత్తబరిచి, మైక్రోస్కోపులో చూస్తూ, ఆపరేషన్ కత్తితో అంగుళం అంగుళం పైపూత తీశారు. నెలల తరబడి పని. 2012లో స్పెయిన్‌లోని బోర్హాలో ఒక పెద్దావిడ చర్చి గోడ మీది క్రీస్తు బొమ్మను సొంతంగా దిద్దబోయిన సంగతి అందరికీ గుర్తే. ఈ పోస్టు చాలాసార్లు దాన్ని జత కలుపుకుని తిరుగుతుంది. అక్కడ ఉన్న బొమ్మ మీద కొత్తది పూశారు. ఇక్కడ పూసినది తీసేశారు. రెంటినీ ఒకే గాటన కట్టడం, గోడకి సున్నం కొట్టినవాణ్ణీ సున్నం గీకినవాణ్ణీ ఒక్కటే అనడం లాంటిది.

నిజంగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది, పోస్టు మాత్రం దాన్ని అడగదు. ఆ పైపూతకు కూడా నాలుగున్నర వందల ఏళ్ల వయసుంది కదా, అదీ చరిత్రే కదా, తీసేయొచ్చా? ఒకసారి తీశాక మళ్లీ అతికించడం కుదరదు. నాకైతే కింద వాన్ ఐక్ చెయ్యి చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు తీయడమే సబబనిపిస్తుంది. ఒప్పుకోనివాళ్లు ఉంటే వాళ్లతో వాదం పెట్టుకోవచ్చు, అది మర్యాదైన వాదం.

"గొర్రె ఒక్కదాన్నే మార్చారు."

ఆకాశం, కట్టడాలు, బట్టల మడతలు, చాలాచోట్ల పైపూతలు తీశారు. మూసినప్పుడు కనిపించే బయటి పలకల మీదైతే సుమారు 70 శాతం మేర పైపూతే. అవి 2016లోనే శుభ్రమై వచ్చాయి. వాటికి నవ్వొచ్చే మొహాలు లేవు కాబట్టి ఎవరూ షేర్ చేయలేదు.

"అంత గొప్ప చిత్రకారుడికి గొర్రెను గీయడం రాదా?"

ఇది కాస్త ఆలోచించాల్సిన ప్రశ్న. అదే పలకలో గడ్డిలో పూసిన పూలను చూసి వృక్షశాస్త్రజ్ఞులు జాతుల పేర్లు చెప్తారు. పలకల మీద నగల్లో ఒక్కో రాయికీ వెలుతురు పడిన చోట మెరుపు వేరు. అంత కన్నున్నవాడికి గొర్రె కళ్లు ఎక్కడుంటాయో తెలియకపోదు. కానీ అతను గీసింది మందలో గొర్రెను కాదు. బలిపీఠం అంచు మీద లాటిన్‌లో రాసి ఉన్న వాక్యం మన చర్చిల్లో అందరికీ కంఠస్థమే: "ఇదిగో లోకపాపమును మోసికొనిపోవు దేవుని గొఱ్ఱెపిల్ల." అంటే అక్కడ నిలబడ్డది క్రీస్తు. ప్రార్థనకు వచ్చినవాడి కళ్లలోకి సూటిగా చూడాలంటే కళ్లు ముందుకు ఉండాలి. తర్వాతి కాలం వాళ్లకు ఆ చూపు ఇబ్బందిగా తోచినట్టుంది, మామూలు గొర్రెగా మార్చేశారు. ఇవాళ జనం నవ్వేదీ ఆ చూపుకే. నరసింహస్వామి విగ్రహం చూసి "సింహం ఇలా ఉండదే" అని మనం అనం కదా.

"ఇదంతా యాన్ వాన్ ఐక్ ఒక్కడి పని, అన్న హ్యూబర్ట్ కట్టుకథ."

పోస్టు కింద వ్యాఖ్యల్లో ఎవరో తెలిసినవారు ఇది తగిలించారు. ఈ వాదం కొత్తది కాదు. 1933లో బెల్జియంలోని బ్రూజ్‌కి చెందిన ఎమిల్ రెండర్స్ అనే బొమ్మల సేకరణకర్త, హ్యూబర్ట్ అనే చిత్రకారుడే లేడని, బొమ్మ చట్రం మీద రాసి ఉన్న పద్యం తర్వాత పుట్టించిందని పుస్తకమే రాశాడు. పని మొదలుపెట్టింది హ్యూబర్ట్ అని, అతణ్ణి మించినవాడు లేడని, తమ్ముడు యాన్ పూర్తిచేశాడని, ఖర్చు యోస్ వైట్ పెట్టుకున్నాడని ఆ నాలుగు లాటిన్ పాదాల్లో ఉంటుంది. చివరి పాదంలో మే 6 అనే తేదీ ఉంది. ఆ పాదంలో రోమన్ అంకెలుగా చెల్లే అక్షరాలన్నీ కూడితే 1432 వస్తుంది. మన శాసనాల్లో భూతసంఖ్యలతో, అంటే అంకెలకు బదులు మాటలతో, శకవర్షం చెప్పడం గుర్తొచ్చి నాకు ముచ్చటేసింది. మొన్నటి పునరుద్ధరణలో చట్రాలు పరీక్షించినప్పుడు ఆ రాత అసలు పూతతోపాటే పుట్టిందని తేలింది. గెంట్ నగర లెక్కల పుస్తకాల్లోనూ హ్యూబర్ట్ కనిపిస్తాడు, 1426లో చనిపోయాడు. ఏ పలకలో ఎవరి చెయ్యి ఎంత అన్నదాని మీద పండితులు ఇంకా జుట్లు పట్టుకుంటున్నారు. మనిషే లేడనడం మాత్రం చెల్లదు.

ఆ రెండర్స్ గారి కథ ఇంకొంచెం ఉంది. ఆయన దగ్గరి పాత ఫ్లెమిష్ (బెల్జియం ప్రాంతపు) బొమ్మలకు మరమ్మతు చేసింది యెఫ్ వాన్ డెర్ వేకెన్. పాతదాన్ని బాగుచేయడానికీ కొత్తగా పుట్టించడానికీ మధ్య గీతను బాగా చెరిపేసిన చెయ్యి అది. 1934 ఏప్రిల్‌లో గెంట్ బొమ్మలోని "న్యాయమూర్తుల" పలకను ఎవరో రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారు, ఈనాటికీ దొరకలేదు. ఇప్పుడు ఆ చోట ఉన్నది యుద్ధకాలంలో వాన్ డెర్ వేకెన్ వేసిన నకలు. ఈ చిత్రంలో ఏదో ఒకటి అసలుది కాదని ఫార్వర్డ్ చేయాలనిపిస్తే, బాబాయ్, కింది వరుసలో ఎడమ చివరి పలక.