చిలీ సైన్యం అంటే పినోచే ఒక్కడేనా?

చిలీ చరిత్ర మీద తెలుగులో ఎప్పుడు చర్చ జరిగినా అది రెండు పేర్ల దగ్గరే ఆగిపోతుంది. ఒకటి సోషలిస్టు అధ్యక్షుడు సాల్వడోర్ అలెండే, రెండోది ఆయన ప్రభుత్వాన్ని కూలదోసిన జనరల్ ఆగస్టో పినోచే. 1973 సెప్టెంబర్ 11న అధ్యక్ష భవనం లా మొనేదా మీద సొంత దేశపు విమానాలే బాంబులు వేయడం అందరికీ గుర్తుంది. ఆ ఒక్క దృశ్యం చూపించి, దక్షిణ అమెరికాలో సైన్యాధికారులంటే ఇంతే, సందు దొరికితే గద్దె ఎక్కుతారు అని తేల్చి పారేస్తాం. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే పినోచే కూర్చున్న ఆ సైన్యాధ్యక్ష పదవిలోనే ఆయనకు ముందు వరుసగా ఇద్దరు జనరల్స్ పనిచేశారు. ఎన్నికైన ప్రభుత్వం మీద తుపాకీ ఎత్తడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. ఇద్దరూ హత్యకు గురయ్యారు.

మొదటివారు జనరల్ రెనే ష్నైడర్. 1969 అక్టోబర్‌లో జనరల్ రొబెర్తో వియో జీతాల పెంపు డిమాండ్‌తో శాంటియాగోలోని తాక్నా రెజిమెంట్‌లో తిరుగుబాటు లేవదీశాడు. ఆ కల్లోలం తర్వాతే సైన్యం పగ్గాలు ష్నైడర్ చేతికి వచ్చాయి. మరుసటి ఏడాది ఎన్నికలు. ఎవరు గెలిచినా రాజ్యాంగం ప్రకారం నడిచే ఎన్నికకు సైన్యం కాపలా కాస్తుందే తప్ప అందులో వేలు పెట్టదని ఆయన ముందుగానే, బహిరంగంగానే చెప్పారు. తర్వాత దానికి ష్నైడర్ సిద్ధాంతం అని పేరు వచ్చింది.

1970 సెప్టెంబర్ 4న అలెండేకు 36 శాతానికి కాస్త పైగా ఓట్లు వచ్చాయి, రెండో స్థానంలో ఉన్న అలెస్సాంద్రీతో తేడా 40 వేల ఓట్ల లోపే. ఎవరికీ సగానికి మించి రానప్పుడు మొదటి ఇద్దరిలో ఒకరిని పార్లమెంటు ఎన్నుకోవాలన్నది అప్పటి రాజ్యాంగ నియమం. ఆ ఓటింగ్ అక్టోబర్ 24న. మధ్యలో ఉన్న ఆ ఏడు వారాల్లోనే, అలెండేను గద్దె ఎక్కనివ్వకూడదని అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సీఐఏను ఆదేశించాడు. సైనిక కుట్రకు అడ్డుగా నిలిచింది ష్నైడరే కాబట్టి ఆయన్ను ఎత్తుకుపోవాలని పథకం వేశారు. రెండుసార్లు విఫలమయ్యారు. అక్టోబర్ 22 ఉదయం ఆయన ఆఫీసుకు బయలుదేరితే, దారిలో కార్లతో ఆయన కారును అడ్డగించి ఢీకొట్టారు. సుత్తితో అద్దాలు పగలగొట్టారు. ఆయన పిస్తోలు అందుకోబోతుండగా కాల్చారు. అక్టోబర్ 24న పార్లమెంటు 153 ఓట్లతో అలెండేను ఎన్నుకుంది, 25న ష్నైడర్ కన్నుమూశారు. దాడి చేసిన ముఠాకు ఆ తర్వాత సీఐఏ 35 వేల డాలర్లు ముట్టజెప్పినట్టు ఆ సంస్థే 2000లో ఒప్పుకుంది. ఆ వివరం చదివిన రోజు నాకు కలిగిన కోపం ఈనాటికీ చల్లారలేదు.

ఆయన స్థానంలోకి వచ్చిన కార్లోస్ ప్రాట్స్ విషయం ఇంకా క్లిష్టమైనది. ఆయన్ను ఏ తప్పూ చేయని మహాత్ముడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. 1972 అక్టోబర్‌లో లారీ యజమానుల సమ్మెతో దేశం స్తంభించినప్పుడు అలెండే కోరిక మీద హోంమంత్రి పదవి తీసుకున్నారు. సైన్యాన్ని రాజకీయాలకు దూరంగా ఉంచాలన్న మనిషి మంత్రివర్గంలో చేరడం పొరపాటేనని నా అభిప్రాయం, దాని మూల్యం ఆయనే చెల్లించారు. 1973 జూన్ 27న వీధిలో పక్క కారులోంచి ఒకామె తనను చూసి నాలుక చాపి వెక్కిరిస్తే, ఆమెను మగవాడనుకుని, సహనం కోల్పోయి ఆ కారు మీద పిస్తోలు పేల్చారు. ఆ తలవంపులు భరించలేక రాజీనామా ఇవ్వబోతే అలెండే ఒప్పుకోలేదు.

సరిగ్గా రెండు రోజులకు, జూన్ 29 ఉదయం, లెఫ్టినెంట్ కల్నల్ రొబెర్తో సూపెర్ ట్యాంకులతో లా మొనేదాను చుట్టుముట్టాడు. వీధుల్లో కాల్పులు జరుగుతున్నాయి. అర్జెంటీనాకు చెందిన కెమెరామన్ లియొనార్దో హెన్రిక్సెన్, తనకు గురిపెట్టి కాల్చిన సైనికుణ్ణి చిత్రీకరిస్తూనే ప్రాణాలు వదిలింది ఆ ఉదయమే. ప్రాట్స్ కొద్దిమంది అధికారులను వెంటబెట్టుకుని, చేత సబ్‌మెషీన్ గన్‌తో, నడుచుకుంటూ ఆ ట్యాంకుల దగ్గరికి వెళ్ళి లొంగిపొమ్మని ఆజ్ఞాపించారు. ఒక్కొక్కరే లొంగిపోయారు. మొన్న వీధిలో నిగ్రహం తప్పిన మనిషీ, నేడు ట్యాంకుకు ఎదురు నడిచిన మనిషీ ఒకరే అన్నది నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ఆగస్టు 21న సాటి జనరల్స్ భార్యలే ఆయన ఇంటి ముందు గుమిగూడి, ఆయన భార్య సోఫియా కుత్‌బెర్త్ పేరున ఉత్తరం పట్టుకొచ్చి నిరసన తెలిపారు. తనకు మద్దతు ప్రకటించమని జనరల్స్‌ను అడిగితే ముందుకొచ్చినవాళ్ళు కొద్దిమందే. 23న రాజీనామా చేస్తూ, విధేయుడని నమ్మి తన స్థానానికి పినోచే పేరు సూచించింది కూడా ఆయనే. ఆ నమ్మకం వమ్ము కావడానికి 19 రోజులు పట్టింది.

కుట్ర తర్వాత ప్రాట్స్ దంపతులు అర్జెంటీనా వెళ్ళిపోయారు. బ్యూనస్ ఐరిస్‌లో ఉంటూ ఆయన తన జ్ఞాపకాలు రాసుకుంటున్నారు. 1974 సెప్టెంబర్ 30న, అర్ధరాత్రి దాటాక, మిత్రుల దగ్గర్నుంచి ఇంటికి తిరిగి వచ్చారు. గ్యారేజీ తలుపు తీయడానికి ఆయన కారు దిగారు. కారు కింద పినోచే రహస్య పోలీసుల తరఫున మైకేల్ టౌన్లీ అమర్చిన బాంబు పేలింది. కారులోనే ఉన్న సోఫియా కూడా చనిపోయారు. ముగ్గురు కూతుళ్ళు తల్లినీ తండ్రినీ ఒకే రాత్రి పోగొట్టుకున్నారు.

వైమానిక దళంలో బ్రిగేడియర్ జనరల్ ఆల్బెర్టో బాచెలెట్‌ది మరో తీరు. అలెండే హయాంలో నిత్యావసరాల పంపిణీ చూసిన నేరానికి, తనతో కలిసి పనిచేసినవాళ్ళే ఆయన్ను బంధించి హింసించారు. 1974 మార్చి 12న జైల్లోనే గుండె ఆగి పోయారు.

పినోచే పాలనలో 3 వేల మందికి పైగా హతులో అదృశ్యులో అయ్యారు. అయినా క్రమశిక్షణ కోసం ఒక దేశానికి అలాంటి మనిషి కావాలని మన మధ్యే కొందరు మాట్లాడతారు. వాళ్ళను నేను అడిగేది ఒకటే: పై అధికారుల ఆజ్ఞకూ చేసిన ప్రమాణానికీ కట్టుబడటమే సైనిక క్రమశిక్షణ అయితే, ఆ ప్రమాణానికి నిలబడింది ష్నైడరా, పినోచేనా? దేశాన్ని స్వతంత్రం చేసిన సేనాని బెర్నార్దో ఓహిగ్గిన్స్ కూడా అంతర్యుద్ధం ముంచుకొచ్చేవేళ, 1823 జనవరిలో, అధికారం వదులుకున్నాడు, తర్వాత పెరూ వెళ్ళిపోయాడు. చిలీ సైనికుల ముందు ఆ దారీ ఉంది.

ఆల్బెర్టో బాచెలెట్ కూతురు మిషెల్‌ను, ఆమె తల్లిని కూడా 1975లో బంధించి హింసించారు. ఆ మిషెల్ బాచెలెట్ 2002లో చిలీ రక్షణ మంత్రి అయ్యారు. తండ్రిని జైల్లో పెట్టిన ఆ సైన్యపు అధికారులు ఇప్పుడు ఆమెకు సెల్యూట్ చేశారు. నాలుగేళ్ళకు ఆమె దేశాధ్యక్షురాలయ్యారు.