లైవ్ అట, లైవ్!

కేబుల్ తీసేసి నెట్‌లో యాప్‌ల ద్వారా మ్యాచ్‌లు చూస్తే ఖర్చు తగ్గుతుందని ఊదరగొట్టినవాళ్లంతా ఇప్పుడెక్కడున్నారో! లీగ్ మ్యాచ్‌లు ఒక యాప్‌లో, కప్పు మ్యాచ్‌లు ఇంకోదాంట్లో, టెన్నిస్ మరోదాంట్లో. అన్నిటికీ విడివిడిగా కడితే పాత బిల్లే నయమనిపిస్తోంది. డబ్బులు కట్టాక కూడా ప్రకటనలు తప్పవు, అదో బోనస్.

సరే, డబ్బు సంగతి వదిలేద్దాం. అసలు మంట ఆలస్యం గురించి. చివరి ఓవర్, రెండు బంతులు, నాలుగు పరుగులు. నా స్క్రీన్ మీద బౌలర్ ఇంకా రనప్ కూడా మొదలుపెట్టలేదు. ఈలోపు పక్కింట్లో కేకలు, ఫోన్‌లో 'గెలిచేశాం' అని మెసేజ్. ఇక నేను చూసేదేముంది, నా మొహం! నెట్ స్పీడ్ పెంచితే పోతుందా అంటే అదీ కాదు. స్ట్రీమింగ్‌లో వీడియోను ముక్కలుగా కోసి పంపుతారు. 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ అనే స్ట్రీమింగ్ పద్ధతిలో ఆ కంపెనీ సూచించే ముక్క నిడివి 6 సెకన్లు. ప్లేయర్ అలాంటివి కొన్ని పోగేసుకుంటే గానీ బొమ్మ చూపించదు. వీడియోను నెట్‌లో పంపేందుకు వీలుగా కుదించే ఎన్‌కోడింగ్ టైమ్ కూడా కలిస్తే ఒక్కోసారి అర నిమిషం హాంఫట్. యాంటెన్నాతో పట్టే ఉచిత చానల్ దీనికంటే చాలా ముందే చూపిస్తుంది. కానీ పెద్ద మ్యాచ్‌లన్నీ అందులో వేస్తేగా!

పైగా సరిగ్గా ఆ క్షణానికే గిర్రున తిరిగే చక్రం. అది పోయిందనుకుంటే, 'మీ అకౌంట్ వేరే పరికరంలో వాడుతున్నారు' అంటుంది. ఎవరు వాడుతున్నారయ్యా, ఇంట్లో ఉన్నదే నేనొక్కణ్ణి!