కేసు దొరక్కపోవడం ఘనతా?

వెయ్యి జనాభాకు క్షయ కేసులు ఒకటికి మించని పంచాయతీకి ‘టీబీ ముక్త్‌’ ధ్రువపత్రం, గాంధీజీ విగ్రహం ఇస్తున్నారు. మొదటి ఏడాది కాంస్య వర్ణం, వరుసగా రెండో ఏడాదీ నిలబడితే రజతం, మూడేళ్లయితే స్వర్ణం. 2023 మార్చి 24న వారణాసిలో మొదలైన ఈ పథకం పుణ్యమా అని ఏటా ప్రపంచ క్షయ దినోత్సవం దగ్గరపడేసరికి జిల్లాలకు జిల్లాలు జాబితాలు పట్టుకుని ఉరుకులు పరుగులు పెడుతున్నాయి. పరీక్షలు చేయాలి, మందుకు క్రిమి లొంగుతుందో లేదో చూడాలి, పోషణ భత్యం అందాలి అన్న షరతులు మంచివే. కేసులు వెయ్యికి ఒకటి దాటకూడదన్న షరతు ఒక్కటీ కార్యక్రమం మొత్తాన్నీ తలకిందులు చేస్తోంది. రోగిని వెతికి పట్టుకోవాల్సిన వాళ్లతోనే, రోగి దొరికితే బహుమతి పోతుందని చెబుతోంది.

దేశంలో క్షయను 2025 నాటికి అంతం చేస్తామని 2018 మార్చిలో ప్రధాని ప్రకటించారు. 2025 గడిచిపోయింది. 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసుల అంచనా 2024 నాటికి 187కు దిగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తగ్గుదల 21 శాతం. ప్రపంచ సగటుతో పోలిస్తే ఇది మెరుగే, ఇందుకు పనిచేసిన వాళ్లను మెచ్చుకోవాల్సిందే. కానీ పెట్టుకున్న లక్ష్యం 80 శాతం తగ్గుదల. మరణాలు లక్షకు 28 నుంచి 21కి వచ్చాయి. అక్కడ పెట్టుకున్న లక్ష్యం 90 శాతం. ఇంత దూరం మిగిలి ఉండగా ఊళ్లకు ‘విముక్తి’ పత్రాలు పంచుతున్నారు.

ఒక్కసారి అంకెలు వేసి చూడండి. 2024లో దేశవ్యాప్తంగా క్షయ రోగుల వివరాలెక్కించే ప్రభుత్వ ‘నిక్షయ్‌’ పోర్టల్‌లో నమోదైన కేసులు 26.18 లక్షలు. అంటే వెయ్యికి దాదాపు 1.8. మూడు వేల జనాభా ఉన్న సగటు ఊళ్లో ఏడాదికి అయిదారు కేసులు బయటపడాలి. పతకం కావాలంటే మూడు దాటకూడదు. 2019-21 జాతీయ సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన ప్రతి లక్ష మందిలో 316 మందికి ఊపిరితిత్తుల క్షయ ఉంది. ఆ సగటున, అదే ఊళ్లోని రెండువేల పైచిలుకు పెద్దల్లో ఏ సమయంలో చూసినా ఏడుగురి వరకు రోగులుంటారు. నలుగురిని చూడకుండా వదిలేస్తేనే ఆ ఊరు అర్హత సాధిస్తుంది.

చిన్న పంచాయతీల సంగతి మరీ అన్యాయం. తెలంగాణలో 2018లో తండాలూ గూడేలూ పెద్ద సంఖ్యలో పంచాయతీలయ్యాయి. వెయ్యి జనాభా ఉన్నచోట ఒక ఏడాది ముగ్గురికి వ్యాధి బయటపడొచ్చు, మరుసటి ఏడాది ఎవరికీ రాకపోవచ్చు. దేశ సగటు 1.8 అనుకుంటే, ఎవరూ ఏ పనీ చేయకపోయినా అలాంటి పంచాయతీల్లో దాదాపు సగం, ఏ ఏడాది తీసుకున్నా ‘ఒకటి లేదా సున్నా’ గీత కిందే ఉంటాయి. అయిదు వేల జనాభా ఉన్న ఊళ్లలో ఆ అదృష్టం ఎనిమిది తొమ్మిదింటికి ఒకదానికే దక్కుతుంది. గణాంకాల్లో ఓనమాలు తెలిసిన వారెవరైనా ముందే చెప్పగల సంగతిది. అదృష్టానికి ధ్రువపత్రం, కష్టపడి పదిమందిని పట్టుకున్న ఊరికి మొండిచెయ్యి!

వెయ్యికి 30 మందికి తప్పనిసరిగా పరీక్షలు చేయాలన్న షరతు ఉంది కదా, దాచడానికి వీలెక్కడిది అని అధికారులు అంటారు. మూడు వేల ఊరికి 90 పరీక్షలు. ఆ 90 మంది ఎవరన్నదే అసలు ప్రశ్న. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నవాళ్లను, మధుమేహులను, 60 దాటినవాళ్లను, ఇదివరకు మందులు వాడినవాళ్లను, రోగి ఇంట్లో ఉంటున్నవాళ్లను ఏరి పరీక్షిస్తే కేసులు దొరుకుతాయి. జలుబని పీహెచ్‌సీకి వచ్చిన వాళ్లందరి చేతికీ గళ్ల (కఫం) పట్టే డబ్బా ఇస్తే దొరకవు. రెండు రకాలకూ పోర్టల్‌లో పడే అంకె ఒక్కటే.

డబ్బాలోకి ఏం వస్తోందో కూడా చూడాలి. గుండెల నిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీసిన చిక్కటి గళ్ల 2 నుంచి 5 మిల్లీలీటర్లు కావాలి. నోటి కడుగులా పల్చటి ఉమ్మి వస్తే ల్యాబ్‌ టెక్నీషియన్‌ దాన్ని తిప్పి పంపి, మర్నాడు పొద్దున్నే మళ్లీ తెప్పించాలి. తిప్పి పంపితే 90 పూర్తి కావు. ఉమ్మినే పరీక్షించి ‘నెగెటివ్‌’ రాసేస్తే రెండు షరతులూ ఒక్క దెబ్బకు తీరతాయి. పరీక్షలు పెరుగుతాయి, కేసులు పెరగవు. పైగా సూక్ష్మదర్శినికి చిక్కాలంటే మిల్లీలీటరు గళ్లలో 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉండాలి. క్రిమి జన్యువును పసిగట్టే ట్రూనాట్‌, సీబీనాట్‌ యంత్రాలు అంతకు ఎన్నో రెట్లు తక్కువున్నా పట్టేస్తాయి, క్షయకు ప్రధాన మందైన రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ఆ యంత్రాల్లో వాడే చిప్‌లు, కార్ట్రిడ్జ్‌లు నిండుకున్న వారాల్లో మళ్లీ సూక్ష్మదర్శినే దిక్కు. కేసులు తగ్గిన ఊళ్లో చిప్‌లు ఎన్ని వారాలు లేవో ధ్రువపత్రం మీద ఎవరూ రాయరు.

దగ్గే లేని రోగుల మాటేమిటి? జాతీయ సర్వేలో తేలిన రోగుల్లో నూటికి 40 మందికి పైగా ఛాతీ ఎక్స్‌రే తీయబట్టే బయటపడ్డారు. లక్షణాలు అడిగి వదిలేస్తే వాళ్లంతా తప్పిపోయేవారు. 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల కార్యక్రమంలో ముప్పు ఎక్కువున్న 12.97 కోట్ల మందిని పరీక్షించినప్పుడు 7.19 లక్షల రోగులు దొరికారని, అందులో 2.85 లక్షల మందికి పైకి ఏ లక్షణమూ లేదని కేంద్రమే ప్రకటించింది. వెతికితే దొరుకుతారు. వెతకమని వంద రోజుల కార్యక్రమం చెబుతుంది, దొరకనివ్వొద్దని పంచాయతీ పతకం చెబుతుంది. రెండూ ఒకే మంత్రిత్వ శాఖవి. ఆశా కార్యకర్త ఏ మాట వినాలి?

చికిత్స విజయవంతం కావడం 85 శాతం ఉండాలన్న షరతు పైకి నిక్షేపంగా కనిపిస్తుంది. మూడు కేసులున్న ఊళ్లో ఒక్కరు చనిపోతే అది 67 శాతానికి పడిపోతుంది. మరి ఎముకల గూడులా మిగిలిన వృద్ధుడి పేరు ఎక్కించడానికి ఎవరు ముందుకొస్తారు? చనిపోయే ప్రమాదం ఎవరికి ఎక్కువో వాళ్లే లెక్కకు బరువవుతున్నారు. తమిళనాడు 2022 ఏప్రిల్‌లో ఇందుకు సరిగ్గా ఎదురు దారి పట్టింది. ‘కాసనోయి ఎరప్పిల్లా తిట్టం’ (క్షయ మరణాలు లేని పథకం) కింద రోగిని గుర్తించిన వెంటనే బరువు, ఎత్తు, ఊపిరి, ఆక్సిజన్‌ చూస్తారు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) 14 లేదా అంతకు తక్కువైనా, బీఎంఐ 16 లోపు ఉండి కాళ్లు వాచినా, నిమిషానికి 24 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, ఆక్సిజన్‌ 94 కన్నా తగ్గినా, ఆసరా లేకుండా నిలబడలేకపోయినా ఆస్పత్రిలో చేర్చుకుంటారు. క్షయ మరణాల్లో ఎక్కువ భాగం చికిత్స మొదలైన తొలి రెండు నెలల్లోనే జరుగుతాయి కాబట్టి ఈ తూనిక, ఈ వేలికి పెట్టే పరికరం ప్రాణాలు నిలుపుతున్నాయి. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ పంచాయతీ జాబితాలకు పెడుతున్న శ్రద్ధ వీటికి పెట్టాలి.

అవార్డులు సర్పంచుల్లో ఉత్సాహం తెస్తాయన్న వాదన ఉంది. తేవచ్చు. ఆ ఉత్సాహం ఎటు నడిపిస్తుందన్నదే మా అభ్యంతరం. జిల్లాలకు ఇచ్చే పతకాల్లో కనీసం ఇంటింటి సర్వే ఉంది, మందుల అమ్మకాలతో సరిపోల్చడం ఉంది. కేసుల్లో 20, 40, 60 శాతం తగ్గుదలకు కాంస్యం, రజతం, స్వర్ణం. పంచాయతీ విషయంలో ఇంటింటికీ ఎక్స్‌రే తీసి నిజం తేల్చే తనిఖీ లేదు. క్షయ మందులు షెడ్యూల్‌ హెచ్‌1లో ఉన్నాయి. 2014 నుంచి ప్రతి మెడికల్‌ షాపూ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు పక్కన నిక్షయ్‌ జాబితా పెట్టి చూసే డ్రగ్‌ ఇన్‌స్పెక్టరు మండలానికి ఒక్కరున్నా సగం దాపరికం తేలిపోతుంది.

ఈ పద్ధతి ఇక్కడితో ఆగదన్నది మా అసలు భయం. కేసులు తక్కువ చూపిన ఊరికి విగ్రహం ఇవ్వడం అలవాటైతే రేపు డెంగీకీ, కుష్ఠుకూ, మాతృ మరణాలకూ ఇదే సూత్రం వస్తుంది. నమోదు చేయడమే నేరమన్న భావన ఒకసారి ఏఎన్‌ఎం మనసులో నాటుకుంటే ఏ శిక్షణా దాన్ని పెకలించలేదు. నమోదు కాని రోగికి మందులు రావు, నెలకు వెయ్యి రూపాయల పోషణ భత్యం రాదు, ఇంట్లో పిల్లలకు ముందుజాగ్రత్త మాత్రలు రావు. చికిత్స లేని రోగి ఏడాదిలో అయిదు నుంచి 15 మందికి క్రిమిని అంటించగలడు. వలస కూలీ హైదరాబాద్‌లో పరీక్ష చేయించుకుని సొంతూరి చిరునామా ఇస్తే, ఆ కేసు మాది కాదని పేచీ పెట్టే పంచాయతీని తయారు చేస్తున్నది ఈ షరతే.

మదనపల్లె ఆరోగ్యవరం చుట్టుపక్కల ఊళ్లలో 1950-55 మధ్య ఊరందరికీ ఎక్స్‌రేలు తీసి క్షయ ఎంతుందో లెక్కగట్టారు. ఆనాటి బండెడు యంత్రంతో సాధ్యమైంది, చేతిలో పట్టుకెళ్లే ఎక్స్‌రే పరికరం ఉన్న ఈ రోజుల్లో సాధ్యం కాదనడం బుకాయింపు. కేంద్ర ఆరోగ్య శాఖ ‘వెయ్యికి ఒకటి’ గీతను వెంటనే చెరిపేయాలి. దాని స్థానంలో ప్రతి రోగి ఇంట్లో ఎంతమందిని పరీక్షించారు, వాళ్లలో ఎంతమందికి నివారణ మాత్రలు పూర్తయ్యాయి, దగ్గు మొదలైన ఎన్నాళ్లకు మందు మొదలైంది అన్నవి కొలవాలి. మరణాన్ని దాచిన ఊరికి శిక్ష ఉండాలి, మరణాన్ని నమోదు చేసిన ఊరికి ఉండకూడదు. 2024 మార్చిలోలా మూడు నెలల మందులు మీరే కొనుక్కోండని రాష్ట్రాలకు లేఖలు రాసే పరిస్థితి మళ్లీ తెచ్చిపెట్టి, చికిత్స మధ్యలో ఆగిపోయిందని ఊరిని తప్పుపట్టే హక్కు ఢిల్లీకి లేదు.

రాష్ట్రాలు ఢిల్లీ ఉత్తర్వు కోసం కాచుకోనక్కర్లేదు. ఈసారి జాబితా మీద సంతకం పెట్టే ముందు ప్రతి కలెక్టరూ అందులోంచి లాటరీ తీసి పది ఊళ్లు ఎంచుకుని, ఎక్స్‌రే బండిని పంపి పెద్దలందరినీ పరీక్షించి, దొరికినవాళ్ల సంఖ్యను గ్రామసభలో చదివించాలి. అందుకు ధైర్యం చాలని అధికారి ఏ సర్పంచి చేతిలోనూ గాంధీ విగ్రహం పెట్టే సాహసం చేయొద్దు.